తాగుడు మానుతున్న మనిషి వెంట సంఘం ఎట్లా నడవాలి

ఉజ్జీవ సభల ఆఖరి రాత్రి "ఇకనుంచి తాగను" అని చెయ్యెత్తినవాళ్ళను ముందుకు పిలుస్తాం, తల మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేస్తాం, హల్లెలూయా అంటాం. మంచిదే. తెల్లారి పందిరి విప్పేస్తారు, ప్రసంగీకుడు తన ఊరికి బస్సెక్కుతాడు. ఆ సాయంత్రం ఐదింటికి ఆ మనిషి పని దిగి ఇంటికి నడుస్తుంటే కల్లు కాంపౌండు మాత్రం దారిలో ఎప్పటిలాగే ఉంటుంది. ఆ గంటలో అతని పక్కన ఎవరుండాలి, ఏం మాట్లాడాలి, ఏం పెట్టాలి, ఎప్పుడు ఆసుపత్రికి తీసుకుపోవాలి అన్నవి మన సంఘాల్లో ఎవరూ నేర్పరు. అందుకే రాస్తున్నాను.

నేను స్టాఫ్ నర్సుగా చేసి రిటైరయ్యాను. జడ్చర్ల దగ్గర మా ఎం.బి. (మెన్నొనైట్ బ్రదరన్) చర్చిలో స్త్రీల కూడిక చూసుకుంటాను. వార్డులో చూసిన తాగుబోతుల కష్టం, మందిరంలో వాళ్ళ భార్యల కన్నీళ్ళు రెండూ నాకు ఎరుకే. ఈ రెంటి మధ్య చెయ్యవలసిన పని చాలా ఉంది. ఆ పని డాక్టరు చెయ్యలేడు, ప్రసంగం చెయ్యలేదు.

యోహాను 11వ అధ్యాయంలో లాజరును బతికించింది యేసుప్రభువే. అతను కాళ్ళు చేతులు కట్టి ఉండగానే సమాధిలోంచి బయటికి వచ్చాడు. ఆ కట్లు కూడా ప్రభువు తానే విప్పగలడు. కానీ విప్పలేదు. చుట్టూ నిలబడ్డవాళ్ళను చూసి, మీరు విప్పండి, పోనివ్వండి అన్నాడు. నాలుగు రోజుల శవం మీది గుడ్డ ఎట్లా ఉంటుందో శవాలను చూసినదాన్ని కాబట్టి నాకు తెలుసు. వాసన వస్తుంది, ఒంటికి అంటుకొని ఉంటుంది. దాన్ని చేత్తో ముట్టుకోవాలి. మాన్పించే శక్తి దేవునిది. కట్లు విప్పే పని మనకు అప్పజెప్పాడు. ఇక్కడ నేను చెప్పేవన్నీ కట్లు విప్పే సంగతులే.

ముందు ఏం తాగుతున్నాడో తెలుసుకోండి

"తాగుతాడు" అంటే సరిపోదు. వైన్స్ నుంచి తెచ్చుకునే క్వార్టరా, బెల్టు షాపు చీప్ లిక్కరా, గుడుంబానా, కల్లా? మన పాలమూరు, నల్లగొండ పల్లెల్లో ఈ ప్రశ్న చాలా ముఖ్యం. చెట్టు కింద గీసి పోసిన తాటికల్లు, ఈతకల్లు వేరు. కాంపౌండులో సీసాలకెత్తి అమ్మే మందుకల్లు వేరు. చెట్లు తక్కువ, గిరాకీ ఎక్కువ ఉన్నచోట నీళ్ళలో చక్కెర, శాక్రిన్ కలిపి, మత్తు కోసం క్లోరల్ హైడ్రేట్, డైజోఫాం, ఆల్ప్రాజోలం కలుపుతారు. చివరి రెండూ డాక్టరు చీటీ మీద ఇచ్చే నిద్రమాత్రల జాతి మందులు. అంటే రోజూ ఆ కల్లు తాగే మనిషి తనకు తెలియకుండానే ఏండ్ల తరబడి నిద్రమాత్రలు మింగుతున్నాడన్నమాట.

2015 సెప్టెంబరులో ఎక్సైజువాళ్ళు కల్తీ కల్లు మీద గట్టిగా దాడులు చేసినప్పుడు ఏమైందో ఇక్కడి పెద్దవాళ్ళకు యాదికుంటుంది. కల్లు దొరకక మహబూబ్‌నగర్, నిజామాబాద్, మెదక్ జిల్లాల్లో మనుషులు ఫిట్స్‌తో పడిపోయారు, మతి తప్పినట్టు అరిచారు, ఆసుపత్రులు నిండిపోయాయి, కొందరిని ఎర్రగడ్డ మానసిక వైద్యశాలకు తీసుకుపోయారు. ఆ కల్లు తాగితే ప్రాణం పోతుందన్నది 2025 జులైలో కూకట్‌పల్లిలో చూశాం. మానితే కూడా ప్రమాదమేనన్నది 2015లోనే చూశాం. ఈ రెండో సంగతే సంఘాల్లో చాలామందికి పట్టదు.

అడిగే తీరు ఒకటుంది. తల్లి ముందు, పిల్లల ముందు అడగొద్దు. పాస్టరుగారు నలుగురు పెద్దలను వెంటబెట్టుకొని వచ్చి గద్దె మీద కూర్చుని అడిగితే ఎవడూ నిజం చెప్పడు. ఒక్కరే వెళ్ళండి. చేను గట్టు మీదనో, బోరు మోటారు దగ్గరనో కూర్చుని మామూలుగా అడగండి. "అన్నా, పొద్దున లేవంగనే చేతులు వణుకుతున్నాయా? రెండు సీసాలు పడ్డంక ఆగుతున్నాయా? ఇంతకుముందు ఎన్నడన్న రెండు రోజులు బందు పెట్టినవా, అప్పుడేమైంది? ఫిట్స్ గిట్ల వచ్చినయా? వేరే ఊరి కల్లు తాగితే ఎక్కుతలేదా?" ఈ ఆఖరి ప్రశ్నకు "అవునక్కా, మా దుకాణం కల్లు లేకుంటే నిద్ర రాదు" అన్నాడంటే అందులో మత్తుమందు కలుస్తున్నదని అనుమానించాలి.

ఆడవాళ్ళను కూడా అడగండి. నాట్లకు పోయి నడుము పట్టేసిన మనిషి పొద్దుగూకంగ ఒక సీసా తాగి పండుకోవడం మన దగ్గర కొత్త కాదు. కానీ మందిరానికి వచ్చే ఆడమనిషి ఆ మాట చచ్చినా చెప్పదు. ఆమెకోసం ఎవరూ ప్రార్థన విన్నపం రాయరు. మగవాడికి మాన్పించడానికి ఊరంతా కదులుతుంది, ఆమె మాత్రం పైట కొంగు మూతికి అడ్డం పెట్టుకొని వెనక వరసలో కూర్చుంటుంది. స్త్రీల కూడికలో ఈ విషయం గొంతు తగ్గించి, తీర్పు లేకుండా ఎత్తాల్సింది మనమే.

ఒక్కరోజులో బందు పెట్టించొద్దు

ఇది పైలంగా చదవండి. రోజూ పొద్దున నుంచే తాగేవాడు, మానితే వణికేవాడు, అంతకుముందు ఫిట్స్ వచ్చినవాడు, మందుకల్లు అలవాటున్నవాడు డాక్టరును కలవకుండా ఒక్కసారిగా ఆపకూడదు. ఇది ప్రాణాలకు సంబంధించిన మాట.

సారాయి, బ్రాందీ తాగేవాడు ఆపిన ఆరు గంటల నుంచి ఒక రోజు లోపల చేతుల వణుకు, చెమటలు, వాంతులు, గుండె దడ మొదలవుతాయి. మొదటి రెండు రోజుల్లో ఫిట్స్ రావచ్చు. రెండో రోజు నుంచి నాలుగో రోజు మధ్య కొందరికి మతి తప్పుతుంది. గోడ మీద పాములు పాకుతున్నాయంటారు, లేని మనుషులతో మాట్లాడతారు, ఒళ్ళు కాలిపోతుంది. మందుకల్లు వాళ్ళకు ఈ లెక్క ఇంకా సాగుతుంది. అందులో ఏ మందు కలిపారన్నదాన్ని బట్టి వారం తర్వాత కూడా ఫిట్స్ రావచ్చు. డాక్టరు వీళ్ళకు అదే జాతి మందు లెక్క ప్రకారం ఇచ్చి, కొద్దికొద్దిగా తగ్గించుకుంటూ వస్తాడు.

అందుకని, చెయ్యెత్తిన మర్నాడే మూడు రోజుల ఉపవాస ప్రార్థనలో కూర్చోబెట్టడం మంచి పని కాదు. ఉపవాసం మీరు చెయ్యండి. అతనికి అన్నం పెట్టండి. లెంటు కాలం నలభై రోజులు నిష్ఠగా ఉంటానని బూడిద బుధవారం నాడు ఒక్కసారిగా ఆపేవాళ్ళకూ ఇదే చెప్పాలి. వారం ముందే డాక్టరు దగ్గరికి పంపండి.

మా పక్క ఊళ్ళో ఒక తాపీ మేస్త్రీ. బొంబాయిలో, పుణెలో గుంపులతో పని చేసి వచ్చినవాడు. మారుమనస్సు పొంది ఆపేసిన మూడో రాత్రి అతను దుప్పటి మీది నుంచి ఏదో ఏరుతున్నాడు. బొటనవేలు, చూపుడువేలు కలిపి, ఒక్కొక్కటీ పట్టి నేల మీదికి విదిలిస్తున్నాడు. చీమలట. అక్కడ చీమలేం లేవు. బనీను తడిసి ఒంటికి అతుక్కుపోయింది, పెదవులు ఎండి పగిలాయి. భార్యను చూసి "ఎవరమ్మా నువ్వు" అన్నాడు. సంఘస్థులు అప్పటికే చుట్టూ చేరి, దురాత్మ అని గద్దిస్తూ గొంతులు పెంచారు. ఇద్దరు తాడు కోసం చూస్తున్నారు. ఆ కేకలకు అతని భయం ఇంకా పెరిగింది. నేను నాడి పట్టుకొని చూసి 108కి ఫోన్ చేయించాను. ఆ వ్యాను వచ్చేదాకా అందరినీ బయట అరుగు మీద కూర్చుని మెల్లగా ప్రార్థన చేసుకోమని, లోపల భార్యను, ఒక తమ్ముడిని మాత్రం ఉంచాను. లైటు వేసి ఉంచాం. అతని పేరు, ఊరి పేరు, ఇది నీ ఇల్లే అన్న మాట పదేపదే చెప్పాం. ఆసుపత్రిలో మందులతో మనిషి తేరుకున్నాడు. ఆ తమ్ముడు మంచం పక్కనే ఉన్నాడు.

ఇట్లాంటి రాత్రి మీ దగ్గర వస్తే చెయ్యాల్సినవి ఇవి. ఫిట్స్ వస్తే పక్కకు తిప్పి పడుకోబెట్టండి, తల కింద మెత్తటిది పెట్టండి, చేతిలో తాళంచెవులు పెట్టడం, నోట్లో చెంచా కుక్కడం, నీళ్ళు పోయడం చెయ్యొద్దు. జ్వరం, మతి తప్పడం, ఆగని వాంతులు, ఫిట్స్ వీటిలో ఏది కనబడ్డా తెల్లారేదాకా చూద్దామనుకోవద్దు. 108 పిలవండి. ప్రార్థన అంబులెన్సులో కూడా చెయ్యొచ్చు, చెయ్యి పట్టుకొని.

ఊరి ఆర్.ఎం.పి. దగ్గరికి పోతే మొదటి పని గ్లూకోజు బాటిల్ పెట్టడం. ఏండ్ల తరబడి తాగి, సరిగా తినని మనిషి ఒంట్లో బి1 విటమిన్ అడుగంటి ఉంటుంది. అట్లాంటివాడికి బి1 లేకుండా ఒట్టి గ్లూకోజు ఎక్కిస్తే మెదడు దెబ్బతినే ప్రమాదముంది. కాబట్టి ఏ ఆసుపత్రికి పోయినా, "బీపీ తగ్గింది సార్, నీరసం సార్" అని సిగ్గుపడి దాచకుండా, ఏం తాగుతాడు, రోజుకెంత, ఆఖరుసారి ఎప్పుడు తాగాడు అన్న మూడూ చెప్పండి. తాగుతాడని చెప్పి బి1 ఇంజెక్షన్ సంగతి అడగండి.

ఎక్కడికి పోవాలంటే, మహబూబ్‌నగర్, నల్లగొండ ప్రభుత్వ మెడికల్ కాలేజీ ఆసుపత్రుల్లో మానసిక వైద్యుల ఓపీ ఉంటుంది. "పిచ్చి డాక్టరు" అన్న మాట వాడొద్దు, వాడినవాళ్ళను అక్కడికక్కడే ఆపండి. పోవడానికి వెనకాడేవాళ్ళు ముందు ఫోన్ చెయ్యొచ్చు. మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ నంబరు 14416, తెలుగులోనే మాట్లాడతారు. మత్తు మాన్పించే జాతీయ హెల్ప్‌లైన్ 14446. రెండూ ఉచితం. ఈ నంబర్లు మందిరం బోర్డు మీద, వాక్యం రాసే చోటుకు పక్కనే రాసి పెట్టండి.

మందు మింగితే విశ్వాసం తక్కువైనట్టా?

ఈ ప్రశ్న ప్రతి ఊళ్ళో ఎదురవుతుంది. ఎం.బి. మిషను తరఫున 1907లో ఈ దేశానికి వచ్చిన డాక్టర్ కేథరినా షెల్లెన్‌బర్గ్ 1945లో కన్నుమూసేదాకా ఇక్కడే వైద్యం చేశారు, ఆఖరి ఏండ్లు శంషాబాద్‌లో. మన తాతముత్తాతలు వాక్యం విన్న చేతుల నుంచే మందు సీసా కూడా తీసుకున్నారు. సువార్త మన పల్లెలకు స్టెతస్కోపుతో కలిసే వచ్చింది. ఇక దీని మీద వాదన నాకు అక్కర్లేదు.

ముందు అన్నం, తర్వాత వాక్యం

మొదటి రాజుల గ్రంథం 19వ అధ్యాయం తీయండి. ఏలీయా చెట్టు కింద కూలబడి, ఇక చాలు ప్రభువా, నా ప్రాణం తీసుకో అన్నాడు. దేవుడు దూతను పంపాడు. ఆ దూత బోధ చెయ్యలేదు, నీ విశ్వాసం ఏమైందని అడగలేదు. నిప్పుల మీద కాల్చిన రొట్టె, నీళ్ళు పెట్టి, లేచి తిను అన్నాడు. తిని పడుకున్నాడు. మళ్ళీ లేపి మళ్ళీ తినమన్నాడు, దారి చాలా దూరముంది కనుక. దేవుడు మెల్లని స్వరంతో మాట్లాడింది ఆ తర్వాతే.

ఆపిన మొదటి నెలలో మనిషికి ఆకలి ఉండదు, నిద్ర ఉండదు, కోపం ముక్కు మీద ఉంటుంది. పొద్దున్నే రాగిజావ గానీ, జొన్న అంబలి గానీ కాస్త ఉప్పు, మజ్జిగ వేసి ఇవ్వండి. మధ్యాహ్నం పప్పు, ఆకుకూర, గుడ్డు. మాంసం కూర ఇంట్లో వండినా సరే, వీధి అరుగు మీద గుంపుగా కూర్చుని తినొద్దు, అదే గుంపు రేపు సీసా తెస్తుంది. సంఘంలో నలుగురు ఆడవాళ్ళు వంతులేసుకుంటే ఆ ఇంటికి నెల రోజులు కూర పంపడం పెద్ద బరువేం కాదు. గిన్నె ఇచ్చేటప్పుడు "ఎట్లుంది, తాగిండా?" అని భార్యను గుమ్మంలో నిలబెట్టి అడగొద్దు. గిన్నె ఇచ్చి, పిల్లల చదువు గురించి రెండు మాటలు మాట్లాడి రండి.

అన్నిటికంటే గడ్డు సమయం సాయంత్రం అయిదు నుంచి ఎనిమిది దాకా. ఒంటికి ఇన్నేండ్లు ఆ గంట అలవాటైంది, గడియారం లేకున్నా కోరిక లేస్తుంది. ఆ కోరిక ఒక్కసారి లేచినప్పుడు ఎంతో ఉధృతంగా ఉంటుంది గానీ ఇరవై ముప్పై నిమిషాలు గట్టిగా నిలబడితే మెత్తబడుతుంది. మన పనంతా ఆ అరగంటను దాటించడమే. ఇంటికి పోయేటప్పుడు కాంపౌండు ముందునుంచి పోయే దారి వదిలి చెరువు కట్ట మీదుగా రమ్మనండి. సంఘంలో అతనికి నచ్చిన ఒకరు, గుర్తుంచుకోండి, మీకు నచ్చినవారు కాదు, పని దగ్గరికే బండి వేసుకొని పోయి ఎక్కించుకొని రావాలి. ఛాయ్ తాగండి, తీపి వెయ్యండి. బర్రెకు గడ్డి కొయ్యడమో, మందిరం గోడకు సున్నం వెయ్యడమో, చేతికి పని పెట్టండి. మాట్లాడకపోయినా ఫరవాలేదు. బైబిలు తెరిచి గంటసేపు పాఠం చెప్పొద్దు, ఆ సమయంలో అతనికి అది ఎక్కదు. ఒక కీర్తన, ఒక చిన్న ప్రార్థన చాలు. తండ్రీ, ఈ సాయంత్రం దాటించు అంటే దేవునికి అర్థమవుతుంది.

వారం కూలి వచ్చే రోజు ఇంకో గడ్డు రోజు. అతను ఒప్పుకుంటే మేస్త్రీతో మాట్లాడి కూలి భార్య ఫోన్‌పేకు వేయించండి. ఒప్పుకోకుండా వెనక నుంచి చెయ్యొద్దు. తనను చిన్నపిల్లవాడిని చేశారన్న అవమానం సీసా దగ్గరికే నడిపిస్తుంది. కల్లు దుకాణంలో పాత ఖాతా ఉంటుంది, అది తీర్చడానికి అతనొక్కడినే పంపొద్దు. ఒక పెద్దమనిషి వెంట పోయి, లెక్క కట్టించి, బాకీ తీర్చేసి రావాలి.

ఒట్లు వేయించొద్దు

బిడ్డ తల మీద చెయ్యి పెట్టించి, బైబిలు మీద చెయ్యి పెట్టించి ఒట్టు వేయించడం మన దగ్గర చాలా మామూలు. మత్తయి 5లో ప్రభువు ఎంతమాత్రం ఒట్టు పెట్టుకోవద్దన్నాడు, మన తల మీద కూడా వద్దన్నాడు, ఒక్క వెంట్రుకను తెల్లగానో నల్లగానో చెయ్యలేనివాళ్ళం కనుక. బిడ్డ మీద ఒట్టేసి తప్పినవాడు ఆ రాత్రి బిడ్డ మొహం చూడలేడు. చూడలేక ఇంకో సీసా తాగుతాడు. బిడ్డకు జ్వరమొస్తే తన పాపమే తగిలిందనుకుంటాడు. ఇది సంఘం అతని మెడకు కట్టిన కొత్త గుడ్డ.

దానికి బదులు ఈ రోజు సంగతే మాట్లాడండి. ప్రభువు నేర్పిన ప్రార్థనలో అడిగేది నేటి ఆహారమే. 1935లో అమెరికాలో ఇద్దరు తాగుడు మానలేని మనుషులు, ఒక స్టాక్ బ్రోకరు, ఒక సర్జను, ఒకరికొకరు ఆసరాగా నిలబడి ఆల్కహాలిక్స్ అనానిమస్ మొదలుపెట్టారు. వాళ్ళ పద్ధతికి మూలం కూడా ఈ రోజు తాగకుండా ఉండడం, తనలాంటి ఇంకొకడికి సాయపడడం. ఆ సమావేశాలకు ఫీజుండదు, ఏ మతానికీ చెందినవి కావు. హైదరాబాద్ పోయివచ్చే వీలున్నవాళ్ళను పంపండి. పాస్టరుగారికి చెప్పలేని మాట అక్కడ చెప్పుకుంటారు. దానికి మనం నొచ్చుకోవలసిన పని లేదు.

మాటల్లో ఇంకా కొన్ని వదిలెయ్యాలి. "పిల్లల మొహం చూసైనా మానరాదు" అనొద్దు, వాడు చూస్తూనే ఉన్నాడు. "ఫలానా ఆయన ఒక్క ప్రార్థనకు మానేసిండు" అనొద్దు. "నిన్న సాయంత్రం ఎట్ల గడిచింది తమ్మీ?" అని అడిగి, చెప్పేదాకా ఆగండి.

భార్యాపిల్లల సంగతి

కనికరం అంటే దెబ్బలు తినే ఆమెను మళ్ళీ ఆ ఇంటికే పంపడం అని కొందరు సంఘ పెద్దలు అనుకుంటారు. ఓర్చుకో తల్లీ, నీ సహనంతో అతను రక్షణ పొందుతాడు అంటారు. ఇది నాకు చాలా బాధ కలిగించే మాట. చెయ్యి చేసుకుంటున్నాడంటే ఆ రాత్రి ఆమె, పిల్లలు వేరే ఇంట్లో పడుకోవాలి. ఎవరి ఇంట్లో అన్నది ముందే మాట్లాడుకొని పెట్టుకోండి. మహిళలకు 181, పిల్లలకు 1098, పోలీసులకు 112. అతని వెంట నడిచే మనిషి వేరు, ఆమె వెంట నడిచే మనిషి వేరు ఉండాలి. ఒక్కరే ఇద్దరి మాటలూ మోస్తే ఎక్కడో ఒకచోట జారుతాయి.

తాగుడు మాన్పించే పొడి అని, మాత్రలని రహస్యంగా కూరలో కలిపి పెట్టే భార్యలున్నారు. వాళ్ళ నిస్పృహ నాకు తెలుసు. కానీ అందులో డైసల్ఫిరాం ఉంటే, అది తెలియక అతను తాగితే, మొహం ఎర్రబడి, వాంతులై, బీపీ పడిపోయి ప్రాణం మీదికి రావచ్చు. ఆఖరి మాత్ర మింగిన రెండు వారాల దాకా ఆ ప్రమాదం ఉంటుంది. అది మంచి మందే, డాక్టరు రాసి, అతనికి తెలిసి, అతను ఒప్పుకొని మింగితే. తెలియకుండా పెట్టొద్దని కూడికలో అందరి ముందూ చెప్పండి, ఎవరినీ వేలెత్తి చూపకుండా.

ఆమె మనసు కూడా గాయపడి ఉంటుంది. అతను మానిన తర్వాత కూడా గేటు చప్పుడైతే ఉలిక్కిపడుతుంది, జేబులు వెతుకుతుంది, నోరు వాసన చూస్తుంది. "ఆయన మారిండు కదా, ఇంకా అనుమానమెందుకు" అని ఆమెను మందలించొద్దు. నమ్మకం మళ్ళీ రావడానికి ఆమెకు ఎంత కాలం పడితే అంత కాలం ఇవ్వాలి. క్షమించు అని తొందరపెట్టేవాళ్ళు ఆమె వంట చెయ్యలేని రోజు వచ్చి వంట చేసి పెడితే మేలు.

మళ్ళీ తాగితే

తాగుతాడు. అందరూ కాదు గానీ చాలామంది ఒకసారో రెండుసార్లో జారతారు. మార్కు 8వ అధ్యాయంలో బేత్సయిదా గుడ్డివాడి మీద ప్రభువు చేతులుంచి, ఏమైనా కనబడుతున్నదా అని అడిగాడు. మనుషులు చెట్లలాగా నడుస్తున్నట్టు కనబడుతున్నారన్నాడు. ప్రభువు రెండోసారి చేతులుంచాడు. అప్పుడు అంతా తేటగా కనబడింది. చెయ్యి వేసింది ప్రభువే అయినా రెండుసార్లు వేశాడు. సగం చూపు వచ్చినవాడిని నీకు విశ్వాసం లేదని తోసెయ్యలేదు.

తాగి ఉన్నప్పుడు ఏమీ మాట్లాడొద్దు. బోర్లా గానీ వెల్లకిలా గానీ కాకుండా పక్కకు తిప్పి పడుకోబెట్టండి, ఊపిరి చూస్తుండండి. కొన్నాళ్ళు ఆపి మళ్ళీ పాత లెక్కలోనే తాగితే ఒళ్ళు తట్టుకోదు, మందుకల్లయితే ఊపిరే ఆగిపోవచ్చు. లేపితే లేవకపోయినా, గురకలా ఊపిరి ఆగి ఆగి వస్తున్నా 108. మర్నాడు పొద్దున, తేరుకున్నాక, అంబలి ఇచ్చి కూర్చోండి. నిన్న పొద్దున్నించి ఏమేం జరిగింది, ఎవరు కలిశారు, ఎప్పుడు మనసు గుంజింది, అప్పుడు ఫోన్ ఎందుకు చెయ్యలేకపోయావు అని ఒకటొకటిగా అడగండి. జవాబుల్లో దారి దొరుకుతుంది. ఒకతను ప్రతిసారీ బావమరిది వచ్చిన రోజే జారుతున్నాడని ఇట్లా అడిగితేనే తేలింది. ఆ తర్వాత బావమరిది వస్తున్నాడంటే అతన్ని రెండు రోజులు మా ఇంటికి పని మీద పిలిచేవాళ్ళం.

సంఘం అతని పేరు కొట్టెయ్యకూడదు. చందా డబ్బులో, కానుక పెట్టెనో చూసే బాధ్యత ఉంటే కొన్నాళ్ళు పక్కన పెట్టొచ్చు, అది అతనికీ బరువు తగ్గించడమే. కూర్చునే చోటు మాత్రం మార్చొద్దు.

మందిరంలో, పండగల్లో

ప్రభువు బల్లలో నిజమైన ద్రాక్షసారా వాడే సంఘాలు ఇంకా ఉన్నాయి. పులియని ద్రాక్షరసానికి మార్చండి, అందరికీ ఒకటే. అతనొక్కడికే వేరే గిన్నె పెడితే అందరి కళ్ళూ ఆ గిన్నె మీదే ఉంటాయి.

సాక్ష్యం చెప్పించడానికి తొందరపడొద్దు. నాటు వేసిన నారు వేరు పట్టకముందే పీకి చూపించినట్టవుతుంది. ఏడాది నిండనివ్వండి. అప్పుడైనా తనే అడిగితేనే. మైకు ముందు పాత పాపాలు చెప్తుంటే వెనక కూర్చున్న భార్యాపిల్లలు తల దించుకుంటారు, వాళ్ళ అనుమతి కూడా అడగాలి.

మన ఊళ్ళలో చర్చికి వచ్చే ఇంట్లో సగం మంది బంధువులు బోనాలు చేసేవాళ్ళే. దసరాకు జమ్మి ఇచ్చి అలయ్ బలయ్ తీసుకోకుండా ఉండలేం, దినాలకు పోకుండా ఉండలేం. యాట కోసిన చోట సీసా ఉంటుంది. పోవద్దనడం కంటే, ఎట్లా పోవాలో చెప్పడం మంచిది. అన్నం వేళకు పోయి, తిని, పొద్దుగూకకముందే రావాలి. వెంట ఒకరుండాలి. చేతిలో ఎప్పుడూ సోడా గ్లాసో, మజ్జిగ గ్లాసో ఉంచుకుంటే ఇంకొకరు పోయరు. "మేం చర్చివాళ్ళం, తాగం" అంటే బంధువులకు కోపమొచ్చి పందెం కడతారు. "డాక్టరు బందు చెయ్యమన్నడు మామా, మందులు మింగుతున్న" అంటే ఎవరూ బలవంతపెట్టరు. అది అబద్ధం కూడా కాదు. ముందు రోజు ఈ మాట అతనితో ఒకసారి పైకి అనిపించండి.

తోడుగా నడిచేవాళ్ళ గురించి

ఒక మనిషికి ఇద్దరు తోడు పెట్టండి. ఒక్కరిని పెడితే ఆ ఒక్కరు అలసిపోతారు. ఇద్దరిలో ఒకరైనా తాగుడు మానిన మనిషైతే ఇంకా మంచిది. మానిన మనిషి మాట వినబడినట్టు నా మాట వినబడదు. డబ్బు చేతికివ్వొద్దు. బియ్యం, మందులు, బస్సు టికెట్టు, స్కూలు ఫీజు నేరుగా కట్టండి. అతను మీకు చెప్పింది ప్రార్థన విన్నపం పేరుతో వాట్సాప్ గ్రూపులో పెట్టొద్దు. మీ తోడు లేకుండా ఉండగలిగే రోజు రావాలని మొదటినుంచే అతనితో చెప్పండి. నెల తర్వాత రోజూ కలవడం రోజు విడిచి రోజు చెయ్యండి, ఆరు నెలల తర్వాత వారానికి రెండుసార్లు. అతను మళ్ళీ తాగితే మీరు ఓడిపోయినట్టు కాదు, మానితే మీరు గెలిచినట్టూ కాదు. ఒంట్లో బాగాలేని వారం మీ వంతు ఇంకొకరికి అప్పజెప్పండి, ఎవరు వస్తున్నారో అతనికి ముందే ఫోన్ చేసి చెప్పండి. ఆ సాయంత్రం అయిదింటికి బండి కోసం అతను చూస్తుంటాడు.